వెన్నెముక ఎక్స్‌రే: పొదిలి, నల్లగొండ ఫ్లోరోసిస్ చరిత్రలో ఒక సాక్ష్యం

వ్యాససంగ్రహం

ఎక్స్‌రే తీయడానికి కష్టమైన శరీరభాగాలలో వెన్నెముక ఒకటి. రోగిని ఏ భంగిమలో ఉంచారు, కిరణాన్ని ఎక్కడికి గురిపెట్టారు, ఎంత ఎక్స్‌పోజర్ ఇచ్చారు అన్నదాన్ని బట్టి ఫిల్ముపై కనిపించేది మారిపోతుంది. 1937లో నెల్లూరు జిల్లా నుంచి, 1955లో నల్లగొండ జిల్లా నుంచి వెలువడిన ఫ్లోరోసిస్ అధ్యయనాల కాలానికి వెన్నెముక ఎక్స్‌రే ఈ వ్యాధి నిర్ధారణలో కీలకాధారంగా స్థిరపడుతూ వచ్చింది. ఆ ఆధారం వెనుక ఉన్న సాంకేతిక చరిత్రను, దాని పరిమితులను, వంగిపోయిన నడుముల ముందు పాఠ్యపుస్తక భంగిమలకు ఎదురైన ఇబ్బందిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వెన్నెముక, ఎక్స్‌రే, భంగిమ, ఎక్స్‌పోజర్, ఫ్లోరోసిస్, పొదిలి, నల్లగొండ, బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్.

ఉపోద్ఘాతం

ఫ్లోరోసిస్ గురించి తెలుగులో రాసేవారు సాధారణంగా నీటి దగ్గర మొదలుపెడతారు. బావి, బోరు, ఎండిన చెరువు, బిందెల వరుస ఆ రచనలలో తప్పక కనిపిస్తాయి. ఇది సహజమే. అయితే వైద్యచరిత్ర దృష్టితో చూస్తే, నీటిలో ఫ్లోరైడు ఉందని చూపడం ఒక పని. ఆ నీరే ఫలానా మనిషి నడుమును బిగదీసిందని చూపడం మరొక పని. మొదటిదానికి రసాయన పరీక్ష చాలు. రెండవదానికి బతికున్న మనిషి ఎముక లోపలికి చూడగలగాలి. 1930లలో అందుకు అందుబాటులో ఉన్న సాధనం ఎక్స్‌రే ఒక్కటే. ఈ వ్యాధి జాడలు తొందరగా, స్పష్టంగా కనిపించే చోటు వెన్నెముక, కటివలయం. ఆ కాలపు యంత్రాలకు అన్నిటికంటే ఎక్కువ శ్రమ కలిగించిన భాగాలు కూడా అవే.

వెన్నెముక భాగాలను మనం 'పూసలు' అంటాం. దండలో పూసల్లా విడివిడిగా ఉంటూ కలిసి కదిలేవి అన్న భావం ఆ మాటలోనే ఉంది. 'కశేరుక' అన్న సంస్కృతపదం పాఠ్యపుస్తకాలు దాటి పెద్దగా బయటికి రాలేదు. ఫ్లోరోసిస్ ముదిరినప్పుడు ఈ పూసల పోలికే తలకిందులవుతుంది. పూసలను కలిపి ఉంచే సంధిబంధనాలు సున్నం పేరుకొని గట్టిపడతాయి. దారమే ఎముకగా మారి దండంతా ఒక కడ్డీ అవుతుంది. 'నడుము పట్టేసింది', 'మనిషి కట్టె అయిపోయాడు' అన్న వాడుకలు ఆ స్థితిని చక్కగానే వర్ణిస్తాయి. కాని అవి కారణం చెప్పవు. వయసు, బరువు పనులు, వాతం అన్న సమాధానాలతో అలాంటి నొప్పి సరిపెట్టుకోవడం మన సమాజానికి అలవాటు. ఆ సమాధానాల స్థానంలో నీటిని నిలబెట్టే క్రమంలో ఎక్స్‌రే ఏ మేరకు ఉపయోగపడింది, ఏ మేరకు తడబడింది అన్నది ఇక్కడ విచారించదలచిన విషయం.

చేతి నుంచి వెన్ను దాకా

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ 1895 నవంబరు 8న ఈ కిరణాలను గుర్తించాడు. డిసెంబరు 22న భార్య బెర్తా చేతిని గాజుప్లేటుపై చిత్రించాడు. ఉంగరంతో సహా కనిపించే ఆ చేయి ప్రపంచమంతా తిరిగింది. చేయి ఎంచుకోవడంలో సౌలభ్యం ఉంది. చేయి పలచన; ప్లేటు మీద చదునుగా ఆనుతుంది; కదలకుండా ఉంచవచ్చు. అయినా ఆ చిత్రానికి సుమారు 15 నిమిషాలు పట్టిందని చెబుతారు. వెన్నెముకకు ఈ మూడు సౌకర్యాలూ లేవు. ముందు పొట్ట లేదా ఛాతీ, వెనుక దళసరి కండరాలు, లోపల కదిలే శ్వాస, పేగులలో గాలి. పైగా వెన్ను నిటారుగా ఉండే కంబం కాదు. మెడ దగ్గర ముందుకు, వీపు దగ్గర వెనక్కు, నడుము దగ్గర మళ్ళీ ముందుకు వంగి ఉంటుంది.

దళసరి శరీరంతో మరొక చిక్కు ఉంది. కిరణాలు కణజాలాన్ని తాకి అన్ని దిక్కులకూ చెదురుతాయి. అలా చెదిరిన కిరణాలు ఫిల్మును పొగమంచులా కమ్మేస్తాయి. నడుము దగ్గర ఈ మసక ఎంత ఎక్కువంటే, ఎముక అంచులే కరిగిపోతాయి. 1913లో బెర్లిన్‌కు చెందిన గుస్తావ్ బకీ ఒక ఉపాయం చూపాడు. శరీరానికి, ప్లేటుకు మధ్య సీసపు పట్టీల జల్లెడ ఒకటి పెట్టాడు. తిన్నగా వచ్చే కిరణం పట్టీల సందులలోంచి దాటుతుంది. పక్కదారిలో వచ్చేది సీసానికి తగిలి ఆగుతుంది. లోపం ఏమిటంటే జల్లెడ గీతలు కూడా చిత్రంలో పడేవి. షికాగోకు చెందిన హాలిస్ పాటర్ ఎక్స్‌పోజర్ జరుగుతున్నంత సేపూ ఆ జల్లెడను కదిలిస్తూ ఉంచి గీతలు మాయమయ్యేలా చేశాడు. ఇప్పటికీ ఎక్స్‌రే గదిలో 'బకీ' అని పిలిచే బల్ల పేరు ఇక్కడి నుంచి వచ్చిందే. అదే 1913లో అమెరికాలో విలియం కూలిడ్జ్ వేడి తంతువు గల ట్యూబును రూపొందించాడు. అంతకుముందు ట్యూబులలోని వాయువు స్థితిని బట్టి కిరణం రోజుకొక తీరుగా ఉండేది. కూలిడ్జ్ ట్యూబుతో కిరణం తీక్షణతను, పరిమాణాన్ని విడివిడిగా నియంత్రించడం సాధ్యమయింది. 1918 నుంచి రెండు వైపులా పూత గల ఫిల్ము గాజుప్లేటును తప్పించసాగింది.

ఈ మూడు మార్పులు రాకముందు వెన్నెముక ఎక్స్‌రేలు తీయలేదని కాదు. తీశారు. అయితే ఒక పూస తెల్లదనాన్ని మరొక పూసతో, ఒక రోగి ఎముకను మరొక రోగి ఎముకతో నమ్మకంగా పోల్చగలిగింది మాత్రం ఆ తర్వాతే. ఫ్లోరోసిస్ విషయంలో ఈ పోలికే ప్రాణం.

పడుకోబెట్టే విద్య

యంత్రం కుదిరాక మిగిలింది మనిషిని కుదుర్చుకోవడం. రేడియోగ్రఫీలో 'పొజిషనింగ్' అని పిలిచే ఈ విద్య చాలాకాలం చేతిపనిగానే, ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చింది. ఆంగ్లంలో దానికి ప్రామాణిక గ్రంథంగా నిలిచిన కె.సి. క్లార్క్ పుస్తకం లండన్‌లో 1939లో వెలువడింది. అమెరికాలో వినీటా మెరిల్ అట్లాసు 1949లో వచ్చింది. ఈ రెండు పుస్తకాలను రాసినవారూ స్త్రీలే అన్నది రేడియాలజీ చరిత్రలు అంతగా పట్టించుకోని విషయం.

నడుము పూసల చిత్రానికి ఈ గ్రంథాల సంప్రదాయంలో స్థిరపడిన పద్ధతి ఇది. రోగి వెల్లకిలా పడుకుంటాడు. మోకాళ్ళు ముడిచి పాదాలు బల్లకు ఆనిస్తాడు. అలా ముడవడం వల్ల నడుములోని సహజమైన వంపు తగ్గి వీపు బల్లకు దగ్గరవుతుంది. కిరణాలు ఒక బిందువు నుంచి విచ్చుకుంటూ వస్తాయి కనుక, వంపు ఎంత తగ్గితే పూసల మధ్య ఎడాలు అంత విప్పుగా కనిపిస్తాయి. తుంటి ఎముక పై అంచు చేతికి తగిలే చోటు నాలుగో నడుము పూస మట్టానికి గుర్తు. దాన్ని బట్టి మధ్యకిరణాన్ని గురిపెడతారు. ఊపిరి బిగబట్టించి తీస్తారు. పక్క నుంచి తీసే చిత్రానికి రోగి ఒత్తిగిలి పడుకోవాలి. నడుము సన్నగా, తుంటి వెడల్పుగా ఉన్నవారిలో వెన్ను మధ్యలో కిందికి జారుతుంది. అప్పుడు నడుము కింద మెత్త పెట్టి వెన్నును బల్లకు సమాంతరం చేయాలి, లేదా ట్యూబును కాళ్ళవైపు కొద్ది డిగ్రీలు వంచాలి. వీపు వెనుక సీసపు రబ్బరు పరిస్తే చెదిరిన కిరణం ఫిల్మును చేరదు. ఈ పక్కచిత్రానికి ముందుచిత్రం కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఎక్స్‌పోజర్ కావాలి. అందుకే బలహీనమైన యంత్రం పక్కచిత్రం దగ్గర చేతులెత్తేస్తుంది.

వీపు పూసలకు పక్కచిత్రం తీసేటప్పుడు ఒక చిత్రమైన ఉపాయం వాడతారు. రోగిని మెల్లగా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉండమని చెప్పి, ఎక్కువసేపు తక్కువ కరెంటుతో ఎక్స్‌పోజర్ ఇస్తారు. పక్కటెముకలు, ఊపిరితిత్తుల గీతలు కదిలి చెదిరిపోతాయి. కదలని పూసలు నిలిచి కనిపిస్తాయి. మెడకు తీసేటప్పుడు భుజం అడ్డం వచ్చి ఫిల్ము దూరమవుతుంది కాబట్టి, చిత్రం పెద్దదైపోకుండా ట్యూబును సుమారు 180 సెంటీమీటర్ల దూరానికి జరుపుతారు. మెడలోని పై రెండు పూసలను నోరు తెరిపించి తీస్తారు.

ఈ వివరాలన్నీ ఇంతగా చెప్పడానికి కారణముంది. ఈ ప్రతి సూచనా ఒక శరీరాన్ని ముందే ఊహించుకుంటుంది. వెల్లకిలా పడుకోగల శరీరం. తల బల్లకు ఆనగల శరీరం. మోకాలు ముడిచి చాపగల శరీరం. లోతుగా ఊపిరి పీలిస్తే ఛాతీ కదిలే శరీరం. ముదిరిన ఫ్లోరోసిస్ సరిగ్గా ఈ నాలుగింటినీ దెబ్బతీస్తుంది.

1937: కోపెన్‌హాగెన్, పొదిలి

నీటిలోని ఫ్లోరైడు పళ్ళను మచ్చలు పట్టిస్తుందని 1931 నాటికి అమెరికాలో తేలింది. ఎముకల సంగతి మరొక దారిలో బయటపడింది. కోపెన్‌హాగెన్‌లో క్రయోలైట్ అనే ఫ్లోరిన్ ఖనిజాన్ని శుద్ధిచేసే కర్మాగారపు కార్మికులను దుమ్ము వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయేమో చూడడానికి ఎక్స్‌రే తీశారు. ఫిల్ములలో ఊపిరితిత్తులతో పాటు అసాధారణంగా తెల్లబడిన ఎముకలు కనిపించాయి. మొల్లర్, గుడ్‌యాన్‌సన్ అనే ఇద్దరు వైద్యులు 1932లో దీన్ని ప్రచురించారు. అంటే ఎముకల ఫ్లోరోసిస్‌ను రేడియాలజీ గుర్తించింది మరొకదాని కోసం వెతుకుతూ ఉండగా. ఆ దారినే కాజ్ రోహోల్మ్ 1937లో ఫ్లోరిన్ విషప్రభావంపై పెద్ద గ్రంథం వెలువరించి, ఎక్స్‌రే మార్పులను మూడు దశలుగా విభజించాడు. మొదటి దశలో వెన్నుపూసలు, కటివలయంలోని లోపలి అల్లిక ముతకబారి మసకబారుతుంది. రెండవ దశలో ఆ అల్లిక కలిసిపోయి ఎముక రూపురేఖలు లేని తెల్లముద్దలా కనిపిస్తుంది, అంచులు గరుకవుతాయి. మూడవ దశలో ఎముక పాలరాయిలా మారి, సంధిబంధనాలు కూడా ఎముకగా గట్టిపడతాయి.

అదే 1937లో నెల్లూరు జిల్లా గురించిన అధ్యయనాలు వెలువడ్డాయి. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పటికి నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయాయి. మనుషుల కంటే ముందు పశువులు ఈ కథలోకి వచ్చాయన్నది గమనించదగినది. కాళ్ళు బిగుసుకుని కాడి లాగలేకపోయిన ఎడ్ల సంగతి రైతులు గుర్తించారు. హైదరాబాదు రాజ్యంలోని పశువులలో ఇలాంటి వ్యాధిని గురించి 1934లో మహాజన్ నివేదించాడు. ఎద్దు నడవకపోతే సేద్యం ఆగుతుంది కనుక, ఎద్దు కుంటితనం ముందుగా కాగితానికెక్కడం వ్యవసాయ సమాజంలో ఆశ్చర్యం కలిగించే విషయం కాదు.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌పై ఒక వ్యాసం రాశారు. షార్ట్, మక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్‌పై మరొక వ్యాసం రాశారు. తాగునీటి వల్ల ఒక ప్రాంతపు జనాభాలో ఎముకల ఫ్లోరోసిస్ వ్యాపించడాన్ని వివరించిన తొలి రచనలుగా వీటిని పరిగణిస్తారు. షార్ట్ 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి కాలేయంలో గడిపే దశను కనుగొన్నవాడిగా ప్రసిద్ధుడు. పండిట్ ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి అధిపతి అయ్యాడు. ఈ ఇద్దరి జీవితకథలలో పొదిలి ఒక పాదసూచిక అయితే, పొదిలి కథలో వీరు తొలి అధ్యాయం.

ఈ రచయితల జాబితాను వృత్తుల జాబితాగా చదివితే మరొక సంగతి తెలుస్తుంది. రాఘవాచారి నీటి పరీక్షకుడు. మక్‌రాబర్ట్ మద్రాసులో వైద్యుడు. బర్నార్డ్ రేడియాలజిస్టు. మద్రాసు జనరల్ ఆసుపత్రి ఆవరణలో 1934లో ప్రారంభమైన బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియాలజీ ఆయన పేరు మీదిదే. అధికశక్తి గల స్థిర యంత్రం, గ్రిడ్ ఉన్న బల్ల, చీకటిగది, తర్ఫీదు పొందిన సిబ్బంది ఒకే చోట ఉండే సంస్థలు అప్పటి దక్షిణభారతంలో వేళ్ళమీద లెక్కించదగినవి. నెల్లూరు మెట్టప్రాంతపు బావి నీరు ఒక సీసాలోను, ఆ నీరు తాగిన మనిషి వెన్ను ఒక ఫిల్ములోను మద్రాసులో ఒకచోట చేరాయి. బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ మరో పదేళ్ళు ఆలస్యంగా ఏర్పడి ఉంటే పొదిలి వ్యాధికి 1937లోనే ఇంత గట్టి ఆధారం దొరికేది కాదని నా అభిప్రాయం.

తెలుపు ఎంత తెలుపు?

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఎక్స్‌రేలో సాంద్రత పెరిగిన ఎముక మరింత తెల్లగా కనిపిస్తుంది. కాని ఎక్స్‌పోజర్ తక్కువైన ఫిల్ములో ఆరోగ్యవంతుడి ఎముక కూడా తెల్లగానే కనిపిస్తుంది. బలం చాలని యంత్రంతో, కంగారులో, లావుపాటి మనిషికి తీసిన ఫిల్ము ఫ్లోరోసిస్‌ను అనుకరించగలదు. దీనికి వ్యతిరేక ప్రమాదమూ ఉంది. చూసేవారికి నచ్చేలా కిలోవోల్టేజి పెంచి ఎముకను 'మామూలు' ఛాయకు తెస్తే తొలిదశ వ్యాధి దాగిపోతుంది. కేవలం తెల్లదనం మీద ఆధారపడిన నిర్ధారణ అంటే రోగి ఎముకతో పాటు రేడియోగ్రాఫర్ చేతిని కూడా నమ్మడమన్న మాట. డెవలపర్ ద్రావణం వేడి, దాని వయసు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి. వేసవిలో తెలుగు జిల్లాల చీకటిగదులను తలచుకుంటే ఇది చిన్న విషయమేమీ కాదు.

అందుకే జాగ్రత్తగల వైద్యులు తెలుపును ఒంటరిగా నమ్మలేదు. లోపలి అల్లిక ముతకబారిందా, పూసల అంచుల నుంచి ఎముక ముళ్ళు పొడుచుకొచ్చాయా, వెన్నెముక ముందుభాగాన నిలువునా సాగే సంధిబంధనం గట్టిపడిందా, కటివలయంలోని బంధనాలలో సున్నం చేరిందా అని చూశారు. ఎక్స్‌పోజర్ తప్పు వల్ల ఎముక తెల్లబడవచ్చు కాని, లేని చోట కొత్త ఎముక పుట్టదు. ఇతర వ్యాధుల నుంచి వేరుచేయడానికి కూడా ఈ చూపే పనికొచ్చింది. పూసలన్నీ వెదురుబొంగులా అతుక్కుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో కూడా వెన్ను కడ్డీ అవుతుంది. అయితే అందులో తుంటి, త్రికాస్థి కీళ్ళు ముందుగా మూసుకుపోతాయి, పూసలు క్రమంగా పలచబడతాయి. ఫ్లోరోసిస్‌లో పూసలు చిక్కబడతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ పాకిన ఎముకలు కూడా తెల్లబడవచ్చు. ఆ తెలుపు సాధారణంగా మచ్చలుగా ఉంటుంది.

మరొక గుర్తు వెన్నుకు దూరంగా, ముంజేతిలో దొరికింది. ముంజేతిలోని రత్ని, అరత్ని అనే రెండు ఎముకల నడుమ ఒక పలుచని పొర ఉంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర వెంట సున్నం పేరుకుని, ఎముక అంచు నుంచి రంపపు పళ్ళలా లోపలికి పొడుచుకు వస్తుంది. ఫ్లోరోసిస్‌కు ఇది చాలా నమ్మదగిన గుర్తుగా స్థిరపడింది. బెర్తా చేతికి ఉన్న సౌలభ్యాలన్నీ ముంజేతికీ ఉన్నాయి: పలచన, చదును, కదలదు. చిన్న సంచార యంత్రం చాలు, గ్రిడ్ అక్కరలేదు. ఊళ్ళలో సర్వే చేసేవారికి ఇది వరమయింది. వెన్ను చెప్పే కథ పెద్దదే అయినా, బడి వరండాలో వందమందికి తీయగలిగింది ముంజేయి మాత్రమే.

ముంజేతిని ఎంచుకోవడంలో మరొక మేలు కూడా ఉంది. వెన్నెముక ఎక్స్‌రే మొండేనికంతటికీ కిరణం తగిలిస్తుంది. దాని ధర తర్వాతి కాలంలో, మరొక దేశంలో, మరొక వ్యాధి విషయంలో లెక్కతేలింది. పక్కకు వంగిన వెన్ను (స్కోలియోసిస్) కోసం 1912 నుంచి 1965 మధ్య అమెరికాలోని 14 కేంద్రాలలో వ్యాధి నిర్ధారణ జరిగిన బాలికల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2000లో వెలువడింది. 5,573 మంది స్త్రీలకు సగటున దాదాపు 25 ఎక్స్‌రేలు తీశారు. రొమ్ముక్యాన్సర్ వల్ల దాదాపు 46 మరణాలు ఉండవలసిన చోట 77 నమోదయ్యాయి. అప్పటికే, 1970ల చివర నుంచి, ఇలాంటి రోగులను యంత్రం వైపు వీపు తిప్పి నిలబెట్టి తీయాలన్న సూచన వచ్చింది. కిరణం వెనుక నుంచి ప్రవేశిస్తే ఛాతీ ముందుభాగానికి చేరేసరికి చాలా భాగం తగ్గిపోతుంది. భంగిమ అన్నది చిత్రం నాణ్యతకు మాత్రమే చెందిన విషయం కాదని ఈ అనుభవం చెబుతుంది. ఫ్లోరోసిస్ ఊళ్ళలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా సర్వే పేరుతో వెన్ను ఎక్స్‌రేలు తీయాలా అని అడిగేవారికి ఈ లెక్క గుర్తుండాలి.

నల్లగొండ

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై ఎ.హెచ్. సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. శీర్షికలో 'హైదరాబాద్-దక్కన్' అని ఉంది. మరుసటి ఏడాదికి ఆ రాష్ట్రమే లేదు. పొదిలి, నల్లగొండ వేర్వేరు పాలనల కింద, వేర్వేరు వైద్యవ్యవస్థల కింద ఉన్నా, కింద ఉన్నది ఒకే తీరు గ్రానైటు నేల, ఒకే తీరు కరువు. దక్కను వైద్యుల దృష్టి క్రమంగా ఎముక నుంచి ఎముక లోపల ఉన్న వెన్నుపాము మీదికి మళ్ళింది. గట్టిపడిన సంధిబంధనాలు వెన్నునాళాన్ని ఇరుకు చేసినప్పుడు కాళ్ళు చచ్చుబడతాయి. హైదరాబాదు న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ విషయంపై విస్తృతంగా రాశారు. శాతవాహనుల నాణేలపై పరిశోధన చేసిన రాజారెడ్డి కూడా ఆయనే అన్నది తెలుగు చరిత్ర విద్యార్థులకు తెలిసే ఉంటుంది.

మామూలు ఎక్స్‌రే వెన్నుపామును చూపదు. అందుకోసం నడుములో సూది గుచ్చి, నీడనిచ్చే ద్రవం ఎక్కించి తీసే మైలోగ్రఫీ అనే పద్ధతి 1920ల నుంచి ఉంది. కాని ఫ్లోరోసిస్ రోగిలో పూసల మధ్య సూది దిగవలసిన సందే ఎముకగా మూసుకుపోయి ఉంటుంది. వ్యాధి తనను పరీక్షించే దారిని కూడా మూసేసుకుంటుందన్న మాట. సీటీ, ఎంఆర్ఐ వచ్చాక సూది అవసరం తగ్గింది.

1973లో జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో వెలువరించిన పరిశీలన ఈ చరిత్రకు మరొక మలుపు. ఫ్లోరైడు ప్రాంతాల యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే స్థితిని వారు వర్ణించారు. ఈ రోగులలో వెన్నెముక చిక్కబడి ఉంటే కాళ్ళ ఎముకలు పలచబడి ఉన్నాయి. ఒకే శరీరంలో ఒక ఎముక తెలుపు, మరొక ఎముక నలుపు. 'ఫ్లోరైడు ఎముకను తెల్లబరుస్తుంది' అన్న 1930ల సూత్రం దీనితో సరిపోలేదు. కాళ్ళకు మాత్రమే ఎక్స్‌రే తీసి ఉంటే ఇది ఫ్లోరోసిస్ అని ఎవరూ అనుకునేవారు కారు. వెన్ను ఫిల్ము పక్కన పెట్టినప్పుడే పేరు కుదిరింది. నాగార్జునసాగర్ వచ్చాక చుట్టుపక్కల భూగర్భజలం మారడానికి, ఆహారంలో జొన్నకు, ఈ స్థితికి ఉన్న సంబంధాన్ని గురించి ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. దాని వివరాలు ఈ వ్యాసపరిధిలోకి రావు.

ప్రజల ముందుకు వచ్చింది మాత్రం ఎక్స్‌రే ఫిల్ము కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నియోజకవర్గంలో 480 మంది పోటీచేసి దేశం దృష్టిని తిప్పుకున్నారు. అప్పుడూ, ఆ తర్వాతా పత్రికలు అచ్చువేసినవి వంగిపోయిన దేహాల ఛాయాచిత్రాలు. జనాన్ని కదిలించింది అవేనని ఒప్పుకోవాలి. కాని వంగిన దేహపు ఫొటో ఒక్కటే చూస్తే అది క్షయ కావచ్చు, పోలియో కావచ్చు, వయసు కావచ్చు. ఆ ఫొటోకు 'ఫ్లోరోసిస్' అని శీర్షిక పెట్టగలిగే ధైర్యం దాని వెనుక ఎక్కడో ఆసుపత్రి రికార్డులో ఉన్న వెన్నెముక ఫిల్ము నుంచి వచ్చింది. ఫ్లోరోసిస్ సాహిత్యాన్ని చదివేటప్పుడు ఈ రెండవ చిత్రాన్ని మనం దాదాపుగా పట్టించుకోలేదు.

వంగిన నడుము, చదును బల్ల

ఎక్స్‌రే బల్ల చదునుగా ఉంటుంది. ముదిరిన ఫ్లోరోసిస్ రోగి వీపు విల్లులా ముందుకు వంగి బిగుసుకుని ఉంటుంది. వెల్లకిలా పడుకోబెడితే తల గాలిలో నిలుస్తుంది, లేదా కాళ్ళు లేస్తాయి. మోకాళ్ళు, తుంట్లు కూడా బిగిసి ఉంటే ముడిచి నడుమును చదును చేసే ఉపాయం పనిచేయదు. బలవంతంగా చదును చేయబోతే నొప్పి మాత్రమే కాదు, ఇరుకైన నాళంలోని వెన్నుపాముకు ప్రమాదం. పెళుసుబారిన ఎముక విరగవచ్చు. పక్కటెముకల కీళ్ళు బిగిసి ఛాతీ కదలని మనిషిలో ఊపిరితో పక్కటెముకలను చెదరగొట్టే పద్ధతి కూడా అక్కరకు రాదు.

ఇలాంటప్పుడు అనుభవజ్ఞులు చేసేది పుస్తకం భంగిమను పక్కనపెట్టి కిరణాన్ని రోగి దగ్గరికి తేవడం. రోగిని తనకు నొప్పి లేని తీరులో ఒత్తిగిలి పడుకోనిస్తారు. తల కింద, మోకాళ్ళ మధ్య దిండ్లు సర్దుతారు. లేదా బల్ల అంచున కూర్చోబెట్టి, నిలబడగలిగితే నిలబెట్టి, ట్యూబును అడ్డంగా తిప్పి తీస్తారు. ముందు నుంచి తీసే చిత్రానికి వీపు వంపు ఎంత ఉందో అంతకు తగినట్టు ట్యూబును వంచుతారు. వీపుకు, ఫిల్ముకు మధ్య దూరం పెరిగినందువల్ల చిత్రం కొంత పెద్దదవుతుంది, అంచులు కొంత మసకబారుతాయి. చిక్కబడిన ఎముకలోంచి దాటడానికి కిలోవోల్టేజి పెంచాలి. పెంచిన కొద్దీ ఛాయల మధ్య తేడా తగ్గుతుంది. ఇప్పటి డిజిటల్ యంత్రాలలో తెరపై ఛాయను తర్వాత సవరించుకోవచ్చు. కాని ఆ సవరణ వల్లనే 'తెలుపు ఎంత తెలుపు' అన్న పాత ప్రశ్న కొత్త రూపంలో తిరిగి వస్తుంది. యంత్రం తానే సగటు ఛాయకు దిద్ది చూపే చిత్రంలో తొలిదశ తెలుపు కంటపడడం ఫిల్ము రోజులకంటే కష్టం కావచ్చు.

భంగిమలో ఇలా రాజీపడినప్పుడు ఆ సంగతి చిత్రంపైనో చీటీలోనో రాయడం మంచి రేడియోగ్రాఫర్ల అలవాటు. కుడి ఎడమలు తెలిపే సీసపు అక్షరంతో పాటు 'నిలబెట్టి తీసినది', 'కూర్చోబెట్టి తీసినది' అని ఉంటుంది. చదివే వైద్యుడు పూసల ఎత్తునూ, ఎడాలనూ, తెలుపునూ దాన్నిబట్టి సరిచూసుకుంటాడు.